తెరమీది ధర, గోదాములోని సరుకు

మా పిన్నిగారి అబ్బాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తాడు. తూకంలో అరకిలో తేడా వచ్చినా పట్టుకోగలడు. 2025 దీపావళి వెళ్లిన కొద్ది రోజులకు చుట్టుగుంట దగ్గర టీ కొట్టు ముందు నన్ను ఆపి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"అన్నయ్యా, ధనత్రయోదశికి ముందు వెండి ఈటీఎఫ్ కొన్నాను. వెండి పడింది, కాదనను. కానీ వెండి పడినదానికన్నా నా యూనిట్ చాలా ఎక్కువ పడింది. అందులో ఉన్నది వెండే కదా? మరి మిగతా డబ్బు ఎక్కడికి పోయింది?"

లెక్కలు తెలిసినవాడు అడగవలసిన ప్రశ్నే అది. ఫోనులో కనిపించే ఆ ఒక్క అంకె వెనక ఏముందో తెలియకుండా లక్షల మంది ఈటీఎఫ్‌లు కొంటున్నారు. వాడికి ఆ రోజు నిలబడి చెప్పిన జవాబు సగమే. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈటీఎఫ్ అంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో షేరులాగా కొని అమ్ముకోగలిగే ఫండ్ యూనిట్. మామూలు మ్యూచువల్ ఫండ్‌లో రోజు ముగిశాక లెక్కగట్టిన ఒకే ధర ఉంటుంది. ఆ రోజు కొన్నవారందరికీ అదే వర్తిస్తుంది. ఈటీఎఫ్ ధర మాత్రం ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు క్షణక్షణం మారుతూనే ఉంటుంది. అమెరికాలో తొలి ఈటీఎఫ్ 1993 జనవరిలో వచ్చింది. మన దేశంలో యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీని అనుసరించే నిఫ్టీ బీస్ 2001 డిసెంబరులో మొదలై 2002 జనవరిలో ఎక్స్ఛేంజికెక్కింది. బంగారానికి గోల్డ్ బీస్ 2007లో వచ్చింది. వెండి ఈటీఎఫ్‌లకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 నవంబరులో అనుమతిస్తే, మొదటిది 2022 జనవరిలో అందుబాటులోకి వచ్చింది.

ప్రతి ఈటీఎఫ్‌కూ రెండు ధరలుంటాయి. ఒకటి, దాని లోపల ఉన్న షేర్లనో బంగారాన్నో వెండినో విలువగట్టి, ఖర్చులు తీసేసి, యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. దీన్ని నికర ఆస్తి విలువ అంటారు, వాడుకలో ఎన్‌ఏవీ. రెండోది, ఆ క్షణంలో కొనేవాడూ అమ్మేవాడూ ఒప్పుకున్న ధర. ఫోనులో కనబడేది ఈ రెండోదే. మొదటిదాన్ని వెతుక్కుని చూడాలి. మా తమ్ముడి డబ్బు ఈ రెండింటి మధ్య ఉన్న సందులో పోయింది.

ఆ సందు ఎందుకు ఏర్పడుతుందో, మామూలుగా ఎందుకు ఏర్పడదో గుంటూరు వాళ్లకు చెప్పడం తేలిక. ఇక్కడ మిర్చి పండించిన రైతు ధర నచ్చకపోతే టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, శీతల గిడ్డంగిలో పెడతాడు. గిడ్డంగివాళ్లు బాండు రాసిస్తారు. ఆ కాగితం మీద రకమూ, టిక్కీల సంఖ్యా ఉంటాయి. ఆ బాండును చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు, సరుకుతో సహా ఇంకొకరికి అమ్మేయవచ్చు. ఇప్పుడు యార్డులో తేజ రకం ఒక ధర పలుకుతుండగా, అదే నాణ్యత ఉన్న సరుకు తాలూకు బాండును ఎవరైనా బాగా తక్కువకు అమ్ముతున్నారనుకోండి. ఏ వ్యాపారీ ఊరుకోడు. బాండు కొని, గిడ్డంగి నుంచి టిక్కీలు బయటకు తెచ్చి యార్డులో అమ్మి, తేడా జేబులో వేసుకుంటాడు. బాండు ధర ఎక్కువగా ఉంటే తిరగేసి చేస్తాడు. యార్డులో సరుకు కొని, గిడ్డంగిలో పెట్టి, బాండు రాయించుకుని అమ్ముతాడు. ఇలా చేసేవాళ్లు నలుగురున్నా చాలు, బాండు ధరకూ సరుకు ధరకూ మధ్య హమాలీ, అద్దె, బండి కిరాయి, కమీషన్ మించిన తేడా నిలవదు.

అందుకు ఒకే ఒక్క షరతు ఉంది. గిడ్డంగి గేటు తెరిచి ఉండాలి. సరుకు లోపలికి వెళ్లగలగాలి, బయటకు రాగలగాలి. ఈటీఎఫ్ ధర గురించి తెలుసుకోవలసినదంతా ఈ గేటు చుట్టూనే తిరుగుతుంది.

ఈటీఎఫ్‌లో గేటు దగ్గర ఉండేవాళ్లను మార్కెట్ మేకర్లంటారు. ప్రతి ఈటీఎఫ్‌కూ ఫండ్ సంస్థ కనీసం ఇద్దరిని నియమించాలని సెబీ నియమం. వీరు ఫండ్ సంస్థకు షేర్ల బుట్టను ఇచ్చి, బదులుగా కొత్త యూనిట్లు పుట్టించుకోగలరు. యూనిట్లు వెనక్కి ఇచ్చి షేర్లు తీసుకోగలరు. ఇది విడివిడిగా కాక, క్రియేషన్ యూనిట్ అనే పెద్ద మూటలుగా జరుగుతుంది. ఉదాహరణకు మూటకు 50,000 యూనిట్లు అనుకుందాం. లోపలి విలువ యూనిట్‌కు 250 రూపాయలు, తెరమీద ధర 253 అనుకుందాం. మార్కెట్ మేకర్ కోటీ పాతిక లక్షలు పెట్టి నిఫ్టీ షేర్లు వాటి పాళ్లలో కొని ఫండ్‌కు అప్పగిస్తాడు. వచ్చిన 50,000 యూనిట్లను 253 చొప్పున అమ్మితే 1,26,50,000 వస్తాయి. తేడా లక్షన్నర. ఖర్చులు పోగా మిగిలినది అతని లాభం. కానీ అతను అలా అమ్ముతున్నకొద్దీ 253 కాస్తా 252 అవుతుంది, ఆపై 251 అవుతుంది. లాభం ఖర్చులకు సరిపోయే చోట ఆగిపోతుంది. మనందరికీ న్యాయమైన ధర దొరకడానికి కారణం అతని సొంత లాభాపేక్షే.

ఈ దారి మీకూ నాకూ తెరిచి లేదు. మార్కెట్ మేకర్లు కానివారు ఫండ్ సంస్థతో నేరుగా లావాదేవీ జరపాలంటే అది 25 కోట్ల రూపాయలకు మించినదై ఉండాలి. మనకున్నది ఎక్స్ఛేంజి ఒక్కటే. అందుకే గేటు దగ్గర ఏం జరుగుతోందో బయట నిలబడి గమనించడం అవసరం. దానికొక సాధనం ఉంది. షేర్ల ఈటీఎఫ్‌ల లోపలి విలువను రోజంతా, 15 సెకన్లకు మించని ఆలస్యంతో ప్రకటించాలని సెబీ ఆదేశించింది. దీన్ని ఐ-ఎన్‌ఏవీ అంటారు. ఫండ్ సంస్థల వెబ్‌సైట్లలో, ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. చాలా యాప్‌లలో కొనుగోలు మీట పక్కన ఇది కనిపించదు. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. తూకం చూపించకుండా సరుకు అమ్మినట్టే.

లోపలి విలువ ఎలా కదులుతుంది

గేటు బాగా తెరిచి ఉన్నప్పుడు ఈటీఎఫ్ ధరను నడిపేది లోపలి సరుకు ధరే. నిఫ్టీ పెరిగితే నిఫ్టీ ఈటీఎఫ్ పెరుగుతుంది. ఇందులో చెప్పడానికేమీ లేదు. అయితే కొన్ని చోట్ల లోపలి విలువే మనం అనుకున్నట్టు నడవదు.

నిఫ్టీ బీస్ యూనిట్ 2019 డిసెంబరులో చిన్న యూనిట్లుగా విభజన జరిగాక నిఫ్టీలో నూరో వంతుగా లెక్క. కానీ ఈ రోజు సూచీని నూరుతో భాగించి చూస్తే, యూనిట్ ధర అంతకన్నా ఎక్కువే కనిపిస్తుంది. అది ప్రీమియం, అంటే లోపలి విలువకు మించిన ధర, అనుకుని భయపడేవాళ్లను చూశాను. కాదు. సూచీలోని కంపెనీలు తమ లాభాల్లోంచి పంచే డివిడెండ్లు ఫండ్‌లోకే వచ్చి మళ్లీ షేర్లుగా మారుతున్నాయి. మామూలుగా వార్తల్లో చెప్పే నిఫ్టీ అంకెలో ఆ డివిడెండ్లు కలవవు. ఏళ్ల తరబడి అవి పేరుకుని యూనిట్‌ను సూచీ కన్నా ముందుకు నెట్టాయి.

గోల్డ్ బీస్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. అదే 2019 డిసెంబరు విభజన తర్వాత యూనిట్‌ను స్థూలంగా గ్రాములో నూరో వంతు బంగారం అంటారు. నిజానికి అంతకన్నా తక్కువే ఉంటుంది. బంగారం డివిడెండ్ ఇవ్వదు, వడ్డీ ఇవ్వదు. ఖజానా అద్దె, బీమా, నిర్వహణ రుసుము ఎక్కడినుంచి రావాలి? ఉన్న బంగారంలోంచే రావాలి. ఏటా ఒక సన్నని పొర గీకేసినట్టు, యూనిట్ వెనక ఉన్న బంగారం తగ్గుతూ వస్తుంది. లాలాపేట దుకాణంలో గ్రాము ధర చూసి, నూరుతో భాగించి, "ఈటీఎఫ్ చవకగా దొరుకుతోంది" అని సంబరపడడం తప్పు లెక్క. దుకాణం చెప్పే మొత్తంలో 3 శాతం జీఎస్టీ కూడా కలిసి ఉండవచ్చు. ఈటీఎఫ్ లెక్కలో అది ఉండదు.

పన్ను సంగతి వచ్చింది కాబట్టి 2024 జులై 23 గుర్తుచేయాలి. ఆ రోజు కేంద్ర బడ్జెట్‌లో బంగారం, వెండి దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. గోల్డ్ ఈటీఎఫ్‌ల ధరలు ఆ రోజే పడిపోయాయి. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో బంగారానికి ఏమీ కాలేదు. మన ఈటీఎఫ్ లోపలి విలువ లెక్కలో దిగుమతి సుంకం కూడా ఒక భాగం. సుంకం తగ్గితే మన దేశంలోని ప్రతి గ్రాము విలువా ఆ మేరకు తగ్గుతుంది. రూపాయి బలహీనపడితే, ప్రపంచ ధర కదలకపోయినా యూనిట్ పెరుగుతుంది. గుంటూరులో కూర్చుని గోల్డ్ ఈటీఎఫ్ కొన్నవారు బంగారం మీదే కాదు, డాలరు మీదా ఢిల్లీ నిర్ణయాల మీదా పందెం కాస్తున్నట్టే.

యూనిట్ ధర తక్కువగా ఉండడానికీ ఈటీఎఫ్ చవక కావడానికీ సంబంధం లేదు. టిక్కీని పది సంచులుగా విడదీసినంత మాత్రాన మిర్చి చవక కాదు కదా.

గేటు మూసుకున్నప్పుడు

అమెరికా నాస్‌డాక్ సూచీని అనుసరించే ఈటీఎఫ్‌లు మన ఎక్స్ఛేంజిలో ఉన్నాయి. విజయవాడ గవర్నర్‌పేటలో ఉండే మా బావగారు ఆరేడేళ్ల కిందట లోపలి విలువకు దగ్గరి ధరకే ఒకటి కొన్నారు. తర్వాతి కాలంలో కొన్నవాళ్లకు ఆ భాగ్యం లేకపోయింది. కారణం ఒక పరిమితి. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశాల్లో పెట్టగల పెట్టుబడికి 7 బిలియన్ డాలర్ల హద్దు ఉంది. విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టడానికి విడిగా మరో బిలియన్ డాలర్లు. 2022 ఆరంభంలో మొదటి హద్దు దగ్గరపడడంతో కొత్త పెట్టుబడులు ఆపమన్నారు. విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టే ఫండ్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి అదే పరిస్థితి వచ్చింది.

దీని ఫలితాన్ని గిడ్డంగి లెక్కలో చూడండి. యార్డులో సరుకు దండిగా ఉంది. గిడ్డంగి మాత్రం "కొత్తగా ఒక్క టిక్కీ కూడా తీసుకోను" అంది. కొత్త బాండ్లు పుట్టవు. ఉన్న బాండ్లే చేతులు మారాలి. కొనాలనుకునేవాళ్లు పెరుగుతున్నకొద్దీ ఆ కాగితం ధర సరుకు ధరను వదిలేసి పైకి పోతుంది. నాస్‌డాక్ ఈటీఎఫ్‌లకు జరిగింది ఇదే. నూరు రూపాయల అమెరికా షేర్లకు నూటపది, అంతకుమించి కూడా ఇచ్చినవాళ్లున్నారు. మార్కెట్ మేకర్ చూస్తూ ఊరుకోవలసిందే. కొత్త యూనిట్లు పుట్టించే దారి అతనికి లేదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. గేటు ఒక వైపే మూసుకుంది. సరుకు లోపలికి వెళ్లదు కానీ బయటకు రాగలదు. కాబట్టి ఈ ఈటీఎఫ్‌లు భారీ ప్రీమియంతో అమ్ముడుపోవచ్చు గానీ, పెద్ద డిస్కౌంట్‌లోకి జారడం కష్టం. ధర లోపలి విలువ కన్నా బాగా తగ్గితే, యూనిట్లు కొని ఫండ్‌కు వెనక్కి ఇచ్చే లాభసాటి దారి మార్కెట్ మేకర్‌కు ఇంకా ఉంది. ఆ ప్రీమియం కొనేవారికి భారం, ఎప్పుడో కొని ఇప్పుడు అమ్మేవారికి వరం. మా బావగారికి డబ్బు అవసరమై అమ్మితే, ఆ అదనం ఆయనది. రేపు పరిమితి పెంచితే ఆ అదనం ఆవిరైపోతుంది, అమెరికా మార్కెట్ ఒక్క పాయింటు పడకపోయినా సరే. ప్రీమియంతో కొంటున్నవారు నాస్‌డాక్ పెరుగుతుందని మాత్రమే కాదు, గేటు ఎప్పటికీ తెరుచుకోదని కూడా నమ్ముతున్నట్టు లెక్క. ఆ రెండో నమ్మకం సంగతి వారిలో చాలామందికి తెలియదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

వేసవి సెలవులు

ఎండలు ముదిరాక మిర్చి యార్డుకు సెలవులు ఇస్తారు. వేలంపాట ఉండదు. ఆ రోజుల్లో ఎవరికైనా అత్యవసరంగా డబ్బు కావలసి వచ్చి గిడ్డంగిలోని సరుకు అమ్మాలంటే, ధర ఎంత? యార్డు మూసే ముందు పలికిన చివరి ధర ఒకటి ఉంటుంది. కానీ కొనేవాడు దాన్ని చూడడు. తెరిచాక ఎంత పలుకుతుందో ఊహించి, ఆ ఊహకు తన భయాన్ని జోడించి ఒక ధర చెబుతాడు. ఇక్కడ ఏది నిజమైన ధర? పాత వేలంపాటదా, ఈ రోజు చేతిలో పడే డబ్బా?

ఈటీఎఫ్‌లలో ఈ పరిస్థితి తరచుగా వస్తుంది. నాస్‌డాక్ ఈటీఎఫ్ మన దగ్గర పగలు అమ్ముడవుతుంది. అప్పటికి అమెరికా నిద్రపోతుంటుంది. అక్కడి మార్కెట్ తెరుచుకునేసరికి మనకు రాత్రవుతుంది. కాబట్టి పగటి ధర నిన్నటి ముగింపును కాక, డాలరు రేటునూ ముందస్తు బేరాలు జరిగే ఫ్యూచర్స్ మార్కెట్ ఊహలనూ కలుపుకుని నడుస్తుంది. అందువల్ల నిన్నటి ఎన్‌ఏవీతో పోల్చి "రెండు శాతం ప్రీమియం" అని తేల్చేయడం తొందరపాటు. అందులో కొంత ప్రీమియం కావచ్చు, కొంత ఈ రాత్రి రాబోయే వార్త కావచ్చు.

దీనికి అతి పెద్ద ఉదాహరణ 2020 మార్చి. కోవిడ్ భయంతో అమెరికాలో అందరూ నగదు కోసం పరుగెత్తారు. అక్కడ మంచి రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లతో (ఇవి గిడ్డంగి బాండ్లు కావు, కంపెనీల అప్పు పత్రాలు) నడిచే పెద్ద ఈటీఎఫ్‌లు సైతం లోపలి విలువ కన్నా దాదాపు 5 శాతం తక్కువకు అమ్ముడయ్యాయి. చూసినవాళ్లు ఈటీఎఫ్‌లు విరిగిపోయాయన్నారు. నెమ్మదిగా అసలు విషయం తెలిసింది. చాలా బాండ్లు ఆ రోజుల్లో చేతులు మారనేలేదు. ఎన్‌ఏవీ లెక్కగట్టినవారు పాత ధరలనూ అంచనాలనూ వాడారు. ఈటీఎఫ్ మాత్రం ప్రతి క్షణం అమ్ముడవుతూ, ఆ బాండ్లను ఇప్పుడే అమ్మితే నిజంగా ఎంత వస్తుందో చెప్పింది. అంటే అక్కడ తెరమీది ధరే నిజానికి దగ్గరగా ఉంది, లోపలి విలువ పాతబడిపోయింది. మార్చి 23న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు కంపెనీ బాండ్లను, ఆ ఈటీఎఫ్‌లను తానే కొంటానని ప్రకటించాక తేడా తగ్గింది.

2015 ఆగస్టు 24న జరిగింది వేరు. ఆ రోజు అమెరికా మార్కెట్ భయంతో తెరుచుకుంది. చాలా పెద్ద షేర్లలో వ్యాపారం సరిగా మొదలవలేదు. లోపలి షేర్ల ధర తెలియక మార్కెట్ మేకర్లు వెనక్కి తగ్గారు. ఎక్స్ఛేంజీలు వెయ్యికి పైగా సార్లు వ్యాపారాన్ని తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. వాటిలో అధిక భాగం ఈటీఎఫ్‌లే. కొన్ని ఈటీఎఫ్‌లు వాటిలోని షేర్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పడి, గంటలోపే కోలుకున్నాయి. ధర నిర్ణయించకుండా "వచ్చినంతకు అమ్మేయండి" అని ఆర్డరు పెట్టినవారు ఆ గంటలో నష్టపోయారు. 2020లో తెర నిజం చెప్పింది, 2015లో చెప్పలేదు. తేడా కనిపించగానే తెరదే తప్పనో, ఎన్‌ఏవీదే తప్పనో తీర్పు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. గేటు ఎందుకు మూసుకుందో తెలిస్తేనే ఏ అంకెను నమ్మాలో తెలుస్తుంది.

వెండి కథ

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్నకు వద్దాం. 2025 అక్టోబరులో ప్రపంచమంతటా వెండికి గిరాకీ పెరిగింది. లండన్‌లో వెంటనే అందుబాటులో ఉండే లోహం కరువైంది. ఔన్సు ధర 50 డాలర్లు దాటి, 1980 నాటి శిఖరాన్ని మించింది. సరిగ్గా అప్పుడే మన దేశంలో ధనత్రయోదశి, దీపావళి కొనుగోళ్లు మొదలయ్యాయి. దిగుమతి సరిపోలేదు. ప్రపంచ ధరకు సుంకం కలిపితే వచ్చే మొత్తం కన్నా ఎక్కువ ఇస్తే తప్ప ఇక్కడి వ్యాపారి దగ్గర వెండి దొరకని రోజులొచ్చాయి.

వెండి ఈటీఎఫ్‌కు మార్కెట్ మేకర్ ఇవ్వవలసింది నిజమైన లోహం, 30 కిలోల కడ్డీలు. యూనిట్లకు గిరాకీ పెరిగింది, కొత్తవి పుట్టించాలి, దానికి కడ్డీలు కావాలి. కడ్డీలు దేశంలో అదనపు ధరకే దొరుకుతున్నాయి. మరి ఎన్‌ఏవీ? అప్పట్లో దాన్ని అంతర్జాతీయ ధర, డాలరు రేటు, సుంకం వంటివాటితో లెక్కగట్టేవారు. స్థానికంగా వెండికి ఏర్పడిన ఆ అదనం అందులో కనబడలేదు. గేటు తాళం వేసి లేదు, కానీ గేటు దాకా సరుకు తెచ్చే ఖర్చు ఒక్కసారిగా పెరిగిపోయింది. యూనిట్ ధర ఎన్‌ఏవీని వదిలి పైకి పోయింది.

కాబట్టి ఆ ప్రీమియం మొత్తం పిచ్చి అనలేం. కొంత భాగం నిజంగా ఈ దేశంలో ఆ వారం వెండికి ఉన్న ధర. మిగతాది, పండగ లోపు కొనాలన్న తొందర. ఏది ఎంత అని ఆ వేడిలో విడదీసి చెప్పగలిగినవారు తక్కువ. ఫండ్ సంస్థలకు మాత్రం ప్రమాదం అర్థమైంది. వెండి ఈటీఎఫ్ యూనిట్లు కొనే తమ ఫండ్లలోకి ఏకమొత్తం పెట్టుబడులు తీసుకోవడాన్ని పలు సంస్థలు తాత్కాలికంగా ఆపేశాయి. వచ్చిన డబ్బుతో ఎన్‌ఏవీ కన్నా ఎక్కువ పెట్టి యూనిట్లు కొనడం మదుపుదారుకు నష్టమని వాటి వాదన. అది నిజాయితీ గల పని అని నా అభిప్రాయం. కానీ ఎక్స్ఛేంజిలో మీట నొక్కే మనిషిని ఆపేవారెవరూ లేరు. మా తమ్ముడు కొన్నది అప్పుడే.

వాడికి కాగితం మీద వేసి చూపించాను. "ఎన్‌ఏవీ 100 ఉన్నప్పుడు నువ్వు 112 పెట్టి కొన్నావనుకో. పండగ వెళ్లింది, సరుకు వచ్చింది, తొందర తగ్గింది. వెండి 5 శాతం పడింది. ఎన్‌ఏవీ 95 అయింది. ప్రీమియం పోయింది, కాబట్టి ధర కూడా 95. నువ్వు పోగొట్టుకున్నది 112లో 17, అంటే 15 శాతం పైనే. వెండి తీసుకెళ్లింది 5 రూపాయలు. మిగతా 12 నువ్వు కొన్న రోజే వెళ్లిపోయాయి, నీకు అమ్మినవాడి జేబులోకి."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అయితే ఆ రోజు నేను వెండితో పాటు తొందర కూడా కొన్నానన్నమాట."

చిన్న గిడ్డంగులు, తక్కువ బేరాలు

పెద్ద సంఘటనలు లేని రోజుల్లోనూ చిల్లర నష్టాలు జరుగుతూనే ఉంటాయి. అవి ఎవరి కంటా పడవు. ఏ ఈటీఎఫ్‌కైనా కొనేవాడు చెప్పే ధరకూ అమ్మేవాడు అడిగే ధరకూ మధ్య కొంత తేడా ఉంటుంది. నిఫ్టీ వంటి పెద్దవాటిలో అది పైసల్లో ఉంటుంది. ఏదో ఒక రంగానికి పరిమితమైన చిన్న ఈటీఎఫ్‌లో, మార్కెట్ మేకర్ అంతగా పట్టించుకోనిచోట, ఆ తేడా ఒక శాతం దాటవచ్చు. ఆ తేడాలో సగం కొన్నప్పుడు, మిగతా సగం అమ్మినప్పుడు మన చేతిలోంచి పోతుంది. ఏటా రుసుము అతి తక్కువని ప్రకటన చూసి చేరినవారు, ఈ ఒక్క దెబ్బలో కొన్నేళ్ల రుసుము కట్టేస్తారు.

అలాగని రోజుకు తక్కువ యూనిట్లు చేతులు మారే ఈటీఎఫ్ చెడ్డదని కాదు. లోపలి షేర్లు దండిగా అమ్ముడయ్యేవైతే, చురుకైన మార్కెట్ మేకర్ ఉంటే, అవసరమైనన్ని యూనిట్లు అప్పటికప్పుడు పుట్టించగలరు. గిడ్డంగి ముందు జనం లేకపోయినా, యార్డు నిండా సరుకుంటే బాండుకు న్యాయమైన ధరే వస్తుంది. చూడవలసింది రద్దీని కాదు, తెర మీద కొనేవాడి ధర, అమ్మేవాడి ధర ఎంత దగ్గరగా ఉన్నాయో, ఐ-ఎన్‌ఏవీకి ఎంత దూరంలో ఉన్నాయో. మన ధర మనమే చెప్పి ఆర్డరు పెట్టడం, మార్కెట్ తెరిచిన మొదటి కొద్ది నిమిషాలు ఆగడం వంటి జాగ్రత్తలు అందుకే. ఉదయం 9.15కు లోపలి షేర్ల ధరలే ఇంకా కుదురుకోవు. మార్కెట్ మేకర్ తన రక్షణ కోసం తేడాను వెడల్పుగా ఉంచుతాడు.

డిస్కౌంట్‌లో చిక్కుకుపోయినవారికి ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. ఈటీఎఫ్ ధర రోజు చివరి ఎన్‌ఏవీ కన్నా 1 శాతానికి మించి తక్కువగా వరసగా 7 వ్యాపార దినాలు ఉంటే, లేదా వరసగా 3 రోజులు ఎక్స్ఛేంజిలో ధరలే లేకపోతే, మామూలుగా పెద్దవారికి మాత్రమే ఉన్న గేటును మనకూ తెరవాలి. యూనిట్లను నేరుగా ఫండ్ సంస్థకే అప్పగించి, ఎగ్జిట్ లోడ్ (ఫండ్ నుంచి బయటకు వచ్చేటప్పుడు కోసే రుసుము) లేకుండా డబ్బు తీసుకోవచ్చు. ప్రీమియంతో కొన్నవారికి ఇలాంటి రక్షణ ఏదీ లేదు. ఎక్కువ ధర పెట్టడం కొనుగోలుదారు ఇష్టమని వదిలేసినట్టుంది.

చివరగా తరచుగా వినిపించే ఒక అనుమానం. ఈటీఎఫ్‌లోకి డబ్బు వెల్లువెత్తితే దాని ధర పెరగదా? షేరు అయితే పెరుగుతుంది, ఎందుకంటే షేర్ల సంఖ్య స్థిరం. ఈటీఎఫ్‌లో గేటు తెరిచి ఉన్నంత కాలం, గిరాకీ పెరిగితే యూనిట్ల సంఖ్య పెరుగుతుంది గానీ ధర కాదు. అయితే కొత్త యూనిట్ల కోసం మార్కెట్ మేకర్ లోపలి షేర్లు కొనాలి. ఆ ఒత్తిడి షేర్ల మీద పడుతుంది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి ఈటీఎఫ్‌ల ద్వారా షేర్లలో పెడుతోంది. నెలనెలా వచ్చే ఆ డబ్బు యూనిట్ ధరను కాదు, సూచీలోని కంపెనీల షేర్లను తాకుతుంది. గుంటూరు స్పిన్నింగు మిల్లు కార్మికుడి జీతం నుంచి కోసిన మొత్తంలో కొంత భాగం ఇలాగే చేరుతోంది.

మా తమ్ముడు ఫోను తిరిగి తీసుకుంటూ, ఇప్పుడు అమ్మేయాలా అని అడిగాడు. తెర మీద ధరనూ, ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఎన్‌ఏవీనీ పక్కపక్కన పెట్టి చూశాం. రెండింటి మధ్య తేడా పావు శాతం కూడా లేదు. ప్రీమియం రూపంలో పోయేది అప్పటికే పోయింది. ఇక మిగిలినది వెండి ఎటు వెళుతుందన్న ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు లేదని చెప్పాను. వాడు జేబులోంచి చిట్టా పుస్తకం తీసి ఆ రోజు తేదీ వేసి, రెండు అంకెలూ రెండు గడుల్లో రాసుకుని, యార్డు వైపు బండి తిప్పాడు.